బుడాపెస్ట్‌లో అథ్లెటిక్స్ చూడ్డానికి నాన్నని తీసుకెళ్దామనుకుంటున్నా, 2023లో వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

డ్రిల్లుమాస్టారి_కొడుకు
2026 సెప్టెంబర్ 11, 12, 13 తారీఖుల్లో బుడాపెస్ట్‌లో వరల్డ్ అథ్లెటిక్స్ అల్టిమేట్ ఛాంపియన్‌షిప్ మొదటిసారి పెడుతున్నారు కదా, 2023 వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ జరిగిన స్టేడియంలోనే. మా నాన్నగారిని తీసుకెళ్దామని నా కోరిక. ఆయన జడ్పీ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు 66. వెదురు జావెలిన్‌తో పిల్లలకి నేర్పేవారు, పట్టుకునే చోట తాడు ఊడిపోతే పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టేవారు, ఆ రబ్బరు వాసన నాకింకా గుర్తే. 2023 ఆగస్టు 27 రాత్రి నీరజ్ చోప్రా జావెలిన్ ఫైనల్ మనకి అర్ధరాత్రి వచ్చింది, ఇంట్లో అందరూ పడుకుంటే ఆయనొక్కరే సౌండ్ తగ్గించుకుని చూశారట, తెల్లారగానే నాకు ఫోన్ చేసి "ఆ గ్రౌండు ఒక్కసారి చూడాల్రా" అన్నారు. ఆయన నోటి నుంచి ఫలానాది కావాలని వినడం నా జీవితంలో అదే మొదలు.
ఇప్పుడు ఇంట్లో అందరూ టీవీలో ఇంకా బాగా కనిపిస్తుంది, అంత డబ్బు పోసి ఎందుకు అంటున్నారు. నాకేమో కడుపు రగిలిపోతోంది. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, సీటు ఏ వైపు తీసుకోవాలి, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఆ ఊరు తిరగడం కుదురుతుందా, గుడ్డు కూడా ముట్టని మనిషి ఏం తింటాడు అక్కడ?

రెండో_లేన్
వెళ్ళండి. ఇంకేం ఆలోచించకండి.

కరీంనగర్_కబుర్లు
అన్నా ఒక మాట చెప్తా ఏమనుకోకు. నీరజ్ వస్తడో రాడో ఎవ్వలకు తెల్వదు. సెప్టెంబర్ 19న నగోయాల ఏషియన్ గేమ్స్ మొదలైతున్నయ్, గది ముంగట పెట్టుకుని ఆరు రోజుల ముందు యూరప్‌ల ఎవడన్నా పెయ్యి అలిసేలా ఇసురుతడా? మొన్న 2025ల టోక్యో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌ల 8వ ప్లేస్ వచ్చిండు, నడుము నొప్పితోని. ఆయన లేకుంటే నీ పైసలన్నీ నీళ్ళల్ల పోసినట్టే. గదే పైసలతోని నగోయా పో, మనోళ్ళు అన్ని ఈవెంట్లల్ల ఉంటరు, జెండా పట్టుకుని లేసి నిలబడేటందుకు పదిసార్లు ఛాన్స్ వస్తది.

స్ప్లిట్‌టైమ్
@కరీంనగర్_కబుర్లు నీ లెక్క తప్పని అనను కానీ అడిగింది డ్రిల్లు మాస్టారి కోసం. ఒక్క మనిషి కోసం వెళ్ళే టైపు కాదు వాళ్ళు. మా ఊళ్ళో పీఈటీ సారు హైజంప్ జరుగుతుంటే అన్నం కూడా మర్చిపోయేవారు, ఎవరు గెలిచారన్నది ఆయనకి తర్వాత సంగతి, మడమ ఎక్కడ పడింది అనేదే చూసేవారు.

మ్యూనిక్_మావయ్య
2023లో తొమ్మిది రోజుల్లో అయిదు రోజులు అక్కడే ఉన్నాను, మ్యూనిక్ నుంచి రైల్లో వెళ్ళాం నేనూ మా ఆవిడా. నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పెద్దదే.
సీటు విషయంలో అందరూ చేసే పొరపాటు ఫినిష్ లైన్ దగ్గర కావాలనుకోవడం. ఆ టికెట్లే అన్నిటికన్నా ఖరీదు. వంద మీటర్లు చూసే వాళ్ళకి సరే, కానీ మీ నాన్నగారికి జావెలిన్ కావాలంటే అక్కడ కూర్చుంటే మెడ తిప్పడమే సరిపోతుంది. మేము మొదటి రెండు రోజులు ఫినిష్ దగ్గర కూర్చున్నాం, ఆగస్టు 20న నోవా లైల్స్ 9.83లో వంద గెలిచింది కళ్ళ ముందే అయిపోయింది, నిజంగా గొప్ప సంగతే, కానీ తొమ్మిది సెకన్ల తర్వాత ఏముంది, మళ్ళీ స్క్రీన్ వైపే చూపు. అదే రాత్రి హ్యామర్ ఫైనల్. హంగరీ వాళ్ళ బెంట్సె హాలాస్‌కి బ్రాంజ్, 80.82. వాళ్ళకి ఆ తొమ్మిది రోజుల్లో వచ్చిన ఒకే ఒక్క మెడల్ అది, పైగా ఆ రోజు వాళ్ళ జాతీయ పండగ, స్టేడియం మొత్తం రియా రియా హుంగారియా అని అరుస్తుంటే మా కుర్చీలు అదురుతున్నాయి. మాకేమో సర్కిల్ దూరం, నెట్ అడ్డం, గుండు ఎక్కడ పడిందో తెలియలేదు. అప్పుడే అనుకున్నాం, ఇక ఈవెంట్‌ని బట్టే సీటు.
చివరి రోజుకి జావెలిన్ రన్‌వే వైపు వంపులో తీసుకున్నాం. సగం ధర. అక్కడి నుంచి నీరజ్ మొహం కనిపిస్తుంది, పరుగులో ఆ క్రాస్ అడుగులు పడే చప్పుడు కూడా వినిపించినట్టే ఉంటుంది. మొదటి త్రో ఫౌల్. మా ఆవిడ చెయ్యి నా చేతిలో, గోళ్ళు దిగబడ్డాయి. రెండోది వేశాక అది ఇంకా గాల్లో ఉండగానే ఆయన వెనక్కి తిరిగి చేతులెత్తేశాడు, మాకు జావెలిన్ చూడాలా మనిషిని చూడాలా తెలియలేదు. 88.17.

నెల్లూరి_పులిహోర
చదువుతుంటే ఒళ్ళు జలదరించింది మావయ్యగారూ

పెస్ట్_వైపు
నేను ఇక్కడ చదువుకుంటున్నా, మూడో ఏడు. మావయ్యగారు చెప్పింది కరెక్టే కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, 2023లో స్టేడియం 35 వేల మందికి కట్టారు, పై అంచె తాత్కాలికం, ఆ పోటీలయ్యాక అది తీసేసి 15 వేలకి తగ్గించేలా ముందే డిజైన్ చేశారు. కాబట్టి 2023 ఫొటోలు యూట్యూబ్‌లో చూసి సీటు నంబర్ ఎంచుకోవద్దు, టికెట్ కొనే పేజీలో ఉన్న మ్యాప్ మాత్రమే చూడండి. ఏ ఈవెంట్ ఏ రోజో టైంటేబుల్‌లో చూసి, జావెలిన్ రోజుకి రన్‌వే వైపు తీసుకోండి.

స్ప్లిట్‌టైమ్
రన్‌వే వైపా, పడే వైపా? నేనైతే పడే వైపే అంటా. 85 దాటితే జావెలిన్ మన మీదకి వస్తున్నట్టే ఉంటుంది, మొన గుచ్చుకోవడం కనిపిస్తుంది. మాస్టార్లకి యాంగిల్ కావాలి.

మ్యూనిక్_మావయ్య
@స్ప్లిట్‌టైమ్ ఒప్పుకోను. నేర్పినవాళ్ళు చూసేది విసిరే ముందు బ్లాక్ చేసే కాలిని, అంటే గట్టిగా ఆనించే ముందు కాలిని, చెయ్యి వెనక ఎంతసేపు ఆగిందన్నదాన్ని. అది రన్‌వే వైపు నుంచే. పడేది స్క్రీన్ మీద నంబరుగా ఎలాగూ వస్తుంది.

విశాఖ_హర్డిల్స్
నేను వెళ్ళింది నీరజ్ కోసం కాదు, మా జ్యోతి కోసం. జ్యోతి యర్రాజి. అదే ఆగస్టు మొదట్లో చెంగ్డూలో 12.78 నేషనల్ రికార్డ్ పెట్టి వచ్చింది, బుడాపెస్ట్ హీట్లో 13.05, ముందుకెళ్ళలేదు. పదమూడు సెకన్ల కోసం విశాఖ నుంచి అంత దూరం వెళ్ళావా అని ఆఫీసులో అడిగారు. వెళ్ళాను. నేను స్కూల్లో ఉన్నప్పుడు మట్టి ట్రాక్ మీద కర్ర హర్డిల్స్ దూకిన దాన్ని, తగిలితే మోకాలి చిప్ప లేచిపోయేది. మా ఊరి పిల్ల ఆ ట్రాక్ మీద స్టార్టింగ్ బ్లాక్స్‌లో వంగుంటే, స్టేడియం మొత్తం ఒక్కసారి నిశ్శబ్దం అయిపోతుంది చూడండి, గన్ పేలే ముందు, ఆ నిశ్శబ్దం టీవీలో రాదు. వ్యాఖ్యాతలు మాట్లాడేస్తుంటారు. దానికోసం మళ్ళీ వెళ్తాను ఎన్నిసార్లైనా.
మీ నాన్నగారికి ఆ నిశ్శబ్దం వినిపించండి.

డ్రిల్లుమాస్టారి_కొడుకు
@విశాఖ_హర్డిల్స్ అక్కా, ఈ పోస్ట్ మా ఇంట్లో అందరికీ చదివి వినిపించా. అమ్మ ఏమీ అనలేదు, లేచి వెళ్ళి నాన్న స్వెటర్ ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టింది.

నెల్లూరి_పులిహోర
అయిపోయింది, అమ్మ వైపు నుంచి వీసా వచ్చేసినట్టే 😀

రెండో_లేన్
స్వెటర్ మంచి ఆలోచనే. 2023 ఆగస్టులో 33, 34 డిగ్రీల ఎండ, సీట్లు కాలేవి. మొదటి రోజు పొద్దున్న ఉరుముల వాన వచ్చి 20 కిలోమీటర్ల నడక రెండు గంటలు ఆలస్యంగా మొదలైంది. సెప్టెంబర్ రెండో వారానికి పగలు హాయిగా ఉంటుంది కానీ పోటీలు సాయంత్రాలే, పక్కనే డాన్యూబ్ నది, రాత్రయ్యేసరికి చలేస్తుంది.

కరీంనగర్_కబుర్లు
అందరు ఏడిపిస్తున్నరు గని నా ప్రశ్నకు జవాబు ఎవ్వలు చెప్తలేరు. మనోళ్ళు లేకుంటె?

స్ప్లిట్‌టైమ్
చెప్తాను. ఈ పోటీ వరల్డ్ ఛాంపియన్‌షిప్ లాంటిది కాదు. దేశానికి ముగ్గురు అని పంపించేది ఉండదు, ఒలింపిక్ ఛాంపియన్లు, వరల్డ్ ఛాంపియన్లు, డైమండ్ లీగ్ గెలిచినవాళ్ళు, ర్యాంకింగ్‌లో పైనున్నవాళ్ళు, అంతే. మూడు రోజులు, పొద్దుటి సెషన్లు లేవు, సెమీస్, ఫైనల్స్. గెలిస్తే లక్షా యాభై వేల డాలర్లు. అంటే కూర్చున్న ప్రతి నిమిషం ప్రపంచంలో అత్యుత్తములే కళ్ళ ముందు. మనవాళ్ళు తక్కువే ఉంటారు, అది నిజం, దాచను. కానీ పోల్‌వాల్ట్‌లో డుప్లాంటిస్ బార్ మీద నుంచి వెళ్ళేటప్పుడు ఏ దేశం అని ఎవరు చూస్తారు. 2023లో 6.10 దూకి గెలిచేశాక బార్‌ని 6.23కి పెట్టించాడు, అందలేదు, అయినా మూడు ప్రయత్నాలకీ జనం ఇళ్ళకి వెళ్ళకుండా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

మ్యూనిక్_మావయ్య
అదే రాత్రి, ఆగస్టు 26, మన 4×400 రిలే హీట్ కూడా. అనస్, అమోజ్, అజ్మల్, రాజేష్. ఎవరూ లెక్కలో వేసుకోలేదు. ఆఖరి వంద మీటర్లలో అమెరికా వాడి భుజం పక్కన మన నీలం బనియను కనిపిస్తుంటే మా వెనక కూర్చున్న పోలండ్ కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు, ఇండియా ఇండియా అని వాళ్ళే మొదలుపెట్టారు. అమెరికా 2:58.47, మనం 2:59.05, అప్పటికి ఏషియన్ రికార్డ్. అంతకుముందు జపాన్ వాళ్ళది 2:59.51. ఆ టికెట్ నేను కొన్నది పోల్‌వాల్ట్ కోసం. కరీంనగర్ బాబూ, మనవాళ్ళ కోసమే వెళ్దామనుకుని ఉంటే అది చూసేవాణ్ణి కాదు.

కరీంనగర్_కబుర్లు
గిట్ల చెప్తే ఏమంటం మావయ్యా. సరే గని నగోయా మాట నేను ఎనుకకు తీసుకోను. దగ్గర, అన్నం దొరుకుతది.

పొడికారం
అన్నం మాట వచ్చింది కాబట్టి నేను దిగుతున్నా. గుడ్డు కూడా తినని మనిషికి హంగరీ కష్టమే, అబద్ధం చెప్పను. గుయాష్ అని ఎర్రగా నోరూరేలా ఉంటుంది, పప్పుచారు రంగే, కానీ అది గొడ్డు మాంసం పులుసు, తెలియక చెంచా పెట్టేస్తారు జాగ్రత్త. శాకాహారికి పనికొచ్చేవి: లాంగోష్, పెద్ద పూరీ అనుకోండి, నూనెలో వేయించి వెల్లుల్లి నీళ్ళు రాసిస్తారు, పైన మీగడ, చీజ్ వద్దంటే ఉత్తదే ఇస్తారు. ఫోజెలేక్ అని కూరగాయలు చిక్కగా ఉడికిస్తారు, పైన గుడ్డో మాంసమో పెట్టకుండా ఇవ్వమని అడగాలి, కూర ఉడికింది మాంసం నీళ్ళలోనా అని కూడా అడగాలి. ఎరోష్ పిష్టా అని సీసా దొరుకుతుంది ఏ కొట్లో అయినా, పండు మిరపకాయలు ఉప్పేసి నూరింది, మన పండుమిర్చి పచ్చడికి చింతపండు లేని తమ్ముడు. అన్నంలో అదీ నువ్వుల నూనే వేసి నేను నాలుగు రోజులు లాగేశాను. కారప్పొడి కొంటే ప్యాకెట్ మీద "చీపోష్" అని ఉందో లేదో చూడండి, "ఏదెష్" అంటే తియ్యటిది, రంగు తప్ప ఏమీ ఉండదు.
చిన్న రైస్ కుక్కర్, కంది పొడి, ఆవకాయ తీసుకెళ్ళండి. నెయ్యి మాత్రం పెట్టొద్దు, పాలతో చేసినవేవీ బయటి దేశాల నుంచి ఈయూలోకి తేకూడదు, మాంసం కూడా అంతే. పచ్చి కరివేపాకు కూడా వద్దు.

నెల్లూరి_పులిహోర
నెయ్యి లేకుండా కంది పొడా 😭 మాస్టారి త్యాగం నీరజ్‌కి తెలియాలి

పెస్ట్_వైపు
సారీ, మధ్యలో వస్తున్నా, మోకాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. నేను మా అమ్మమ్మని తిప్పాను పోయినేడు, అందుకని తెలుసు.
బస పెస్ట్ వైపే తీసుకోండి, బుడా వైపు అంతా కొండ, ఎక్కడాలు. అడ్రస్ పిన్‌కోడ్‌లో మధ్య రెండు అంకెలు జిల్లా నంబర్, 1095 అంటే తొమ్మిదో జిల్లా, స్టేడియం ఉన్నది అందులోనే. 2 నంబర్ ట్రామ్ దారిలో ఉంటే మంచిది, పార్లమెంటు పక్క నుంచి నది ఒడ్డున వెళ్ళి చివరి స్టాప్ కొజ్‌వాగోహీద్‌లో దింపుతుంది, అక్కడి నుంచి స్టేడియం నడకే. 1 నంబర్ ట్రామ్ కూడా అక్కడ ఆగుతుంది. పోటీ అయ్యాక అందరూ ఒకేసారి ట్రామ్ మీద పడతారు, పావుగంట కూర్చుని లేవండి.
పాత బిల్డింగుల్లో గది తీసుకుంటే లిఫ్ట్ ఉందా అని రాతపూర్వకంగా అడగండి. ఇక్కడ కింద అంతస్తు, దాని పైన సగం అంతస్తు అని ఒకటి, ఆ తర్వాతే ఒకటో అంతస్తు లెక్క. రెండో అంతస్తు అని నమ్మి వెళ్ళాం, అమ్మమ్మ 74 మెట్లు ఎక్కింది, ప్రతి మలుపులో గోడకి చెయ్యి ఆనించి ఆగుతూ. ఆ చెయ్యి ముద్ర నాకు ఇప్పటికీ కళ్ళలో ఉంది. అది నా తప్పే, అడగలేదు.

విశాఖ_హర్డిల్స్
అయ్యో అమ్మమ్మ. 65 దాటినవాళ్ళకి ట్రామ్, మెట్రో ఫ్రీ అని విన్నానే, మాస్టారికి వర్తిస్తుందా?

పెస్ట్_వైపు
వర్తించదు అక్కా, ఈయూ పౌరులకే. మనవాళ్ళు చాలామంది అదే నమ్మి ఎక్కి చెకింగ్‌లో దొరుకుతారు. పాస్ తీసుకోవాలి. కాగితం టికెట్ అయితే మిషన్‌లో పెట్టి ముద్ర వేయించాలి, కొని జేబులో పెట్టుకుంటే చాలదు. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే 100ఇ బస్సుకి టికెట్ వేరే, మామూలు పాస్ పనికిరాదు.

పొడికారం
డబ్బులు ఫోరింట్లలో. ఎయిర్‌పోర్టులో ఒక కౌంటర్లో రేటు చూడకుండా యూరోలు మార్చేసి బాధపడ్డాను. కార్డు మిషన్ "యూరోల్లోనా ఫోరింట్లలోనా" అని అడిగితే ఫోరింట్లే నొక్కండి, ఎప్పుడూ.

డ్రిల్లుమాస్టారి_కొడుకు
వీసా?

మ్యూనిక్_మావయ్య
షెంగెన్ వీసా, యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం పదిహేను రోజుల ముందు పెట్టాలి, కానీ మీరు చివరిదాకా ఆగకండి, వేసవిలో స్లాట్లు దొరకవు. ఫీజు 90 యూరోలు, 30 వేల యూరోల ఇన్సూరెన్స్. పోటీ టికెట్లు నాన్నగారి పేరు మీదే కొని ఫైల్లో పెట్టండి, పెన్షన్ కాగితాలు కూడా. మీరు పెట్టే ఖర్చయితే మీ ఇద్దరి బంధుత్వం చూపే కాగితం ఉండాలి. టికెట్లు అసలు వెబ్‌సైట్లోనే. 2023లో మా స్నేహితుడు ఎవరో మధ్యవర్తి దగ్గర కొన్నాడు, గేటు దగ్గర కోడ్ ఎర్రగా వెలిగింది, లోపల నుంచి చప్పట్లు వినిపిస్తున్నాయి, ఆయన బయట.

రెండో_లేన్
పాపం 😔 ఇంకోటి, ఇప్పుడు షెంగెన్ సరిహద్దులో వేలిముద్రలు, ఫొటో తీసే కొత్త పద్ధతి ఉంది, లైన్‌లో నిలబడాలి. పెద్దాయనకి ఎయిర్‌లైన్‌కి చెప్పి వీల్‌చైర్ పెట్టించండి, సిగ్గుపడతారు, అయినా పెట్టించండి. మన దగ్గర్నుంచి నేరుగా ఫ్లైట్ లేదు, మధ్యలో మారాలి ఎలాగూ.

విశాఖ_హర్డిల్స్
ఖాళీ ఉన్న పూట హీరోస్ స్క్వేర్ తీసుకెళ్ళండి. 2023లో మారథాన్, నడక పోటీలు అక్కడే పెట్టారు. అక్కడికి వెళ్ళే ఒకటో నంబర్ మెట్రో 1896 నాటిది, పసుపు రంగు చిన్న చిన్న పెట్టెలు, స్టేషన్ రోడ్డు కింద కొన్ని మెట్లే, మోకాళ్ళకి ఇబ్బంది ఉండదు. వెనకాలే సేచెని వేడినీళ్ళ స్నానాలు. మాస్టారికి ఆ నీళ్ళలో గంట కూర్చుంటే మోకాళ్ళకి హాయి, మగవాళ్ళు చదరంగం ఆడుతుంటారు నీళ్ళలోనే.

కరీంనగర్_కబుర్లు
నీళ్ళల్ల చదరంగమా 😂 అన్నా గిది ముందే చెప్తే నేను నగోయా మాట ఎత్తకపోదు

స్ప్లిట్‌టైమ్
ఒకటి అడగాలని ఉంది మావయ్యగారిని. జావెలిన్ ఫైనల్ రాత్రి పాకిస్తాన్ అర్షద్ నదీమ్‌ని నీరజ్ ఫొటోకి పిలిచాడు కదా, అక్కడి నుంచి కనిపించిందా?

మ్యూనిక్_మావయ్య
కనిపించింది. అర్షద్ 87.82 వేసి సిల్వర్, కాస్త పక్కగా నిలబడి ఉన్నాడు, చేతిలో జెండా లేదు. నీరజ్ చెయ్యి ఊపి రమ్మన్నాడు. వచ్చి పక్కన నిలబడ్డాడు, అటు వైపు బ్రాంజ్ వచ్చిన చెక్ దేశస్థుడు వాద్లేచ్. మా ముందు వరసలో ఒక పాకిస్తానీ కుటుంబం ఉంది, చిన్న పిల్లాడు తండ్రి భుజాల మీద. ఆ తండ్రి వెనక్కి తిరిగి నాకు చెయ్యి కలిపాడు, ఏం మాట్లాడుకోలేదు.

డ్రిల్లుమాస్టారి_కొడుకు
అందరికీ దండాలు. నాన్నకి నిన్న రాత్రి చెప్పాను. డబ్బు ఎంత అని అడుగుతారనుకున్నా, నీరజ్ వస్తాడా అని అడుగుతారనుకున్నా. రెండూ అడగలేదు. నీరజ్ రాకపోవచ్చు నాన్నా అని నేనే చెప్పాను. "రాకపోతే వచ్చినవాళ్ళని చూద్దాం" అన్నారు. లోపలికెళ్ళి పాత ట్రంకు పెట్టె తీశారు, అందులో స్కూలు స్పోర్ట్స్ రోజు కొలిచే బట్ట టేపు ఉంది, ముప్పై మీటర్లది, అంకెలు సగం చెరిగిపోయాయి. పెరట్లో ఒక కొస నాకిచ్చి పట్టుకోమన్నారు. మా గేటు దాటి, రోడ్డు దాటి, గుడి అరుగు దాకా మూడుసార్లు జరుపుకుంటూ వెళ్ళి, 88 అంటే ఇంత దూరం అని అక్కడ నిలబడి చెయ్యెత్తారు. చీకట్లో చొక్కా ఒక్కటే కనిపించింది.
తిరిగొచ్చి ఒకటే ప్రశ్న, "రన్‌వే ఏ వైపు నుంచి ఉంటుంది?"

పెస్ట్_వైపు
అన్నా శనివారం నాకు క్లాసులు లేవు, 2 నంబర్ ట్రామ్ ఎక్కి స్టేడియం దాకా వెళ్ళి చూసొచ్చి చెప్తా. లోపలికి రానిస్తే ఫొటో కూడా పెడతా మాస్టారి కోసం.